పదహారా, పదిహేడా? చక్రం పెంచే ముందు గాలి లెక్క

హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ లాంటి చురుకైన చిన్న కారు కొన్నవాళ్లకు ఏడాది తిరగకముందే ఒక ఆలోచన వస్తుంది: పదహారు అంగుళాల చక్రాలు తీసేసి పదిహేడు అంగుళాల అలాయ్స్ (మిశ్రమ లోహపు రిమ్ములు) వేయిద్దామా అని. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో టైర్ల షాపుకు వెళ్తే గోడ నిండా రిమ్ములు మెరుస్తుంటాయి. పెద్ద చక్రం వేస్తే కారుకు అందం వస్తుందన్నది నిజమే, ఆ కోరికను తప్పుపట్టను. కానీ వరంగల్ నుంచి ములుగు, భూపాలపల్లి, జగిత్యాల వైపు తిరిగే కారుకు పదహారు దాటకుండా తేలికైన రిమ్ము, మంచి టైరు వేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే లెక్కలోకి దిగాలి.

ఆ కారుకు కంపెనీ ఇచ్చే సైజు 195/55 ఆర్16. 195 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. పక్కగోడ, అంటే రిమ్ముకూ నేలను తాకే భాగానికీ మధ్య ఉండే రబ్బరు, దాని ఎత్తు అందులో 55 శాతం, అంటే 107 మి.మీ. 16 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. మిల్లీమీటర్లలోకి మార్చితే 406. దానికి పైనొకటి, కిందొకటి పక్కగోడలు కలిపితే చక్రం మొత్తం ఎత్తు 621 మి.మీ. పదిహేడుకు వెళ్లేవాళ్లు తరచుగా తీసుకునే 205/45 ఆర్17 ఎత్తు 616 మి.మీ. తేడా ఒక శాతం కూడా లేదు. కారులో స్పీడ్ మీటరు, కిలోమీటర్ల లెక్క, బ్రేకు కొట్టినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అన్నీ చక్రం తిరిగే వేగం మీదే ఆధారపడతాయి కాబట్టి ఈ మొత్తం ఎత్తు మారకుండా చూడటం సరైన పనే. షాపువాళ్లు కూడా ఇదే చెబుతారు. అయితే బయటి ఎత్తు అలాగే ఉండి రిమ్ము ఒక అంగుళం పెరిగిందంటే ఆ జాగా పక్కగోడ ఇచ్చింది. 107 మి.మీ. ఉన్న గోడ 92కు దిగింది.

కారు బరువును చాలావరకు మోసేది టైరులోని గాలి. చక్రం మీద 300 కిలోల బరువు, లోపల 33 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో పీడనం) గాలి ఉంటే, నేలను తాకే భాగం దాదాపు 130 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. బరువును పీడనంతో భాగిస్తే వచ్చే లెక్క అది. ఇందులో టైరు వెడల్పు ప్రస్తావనే లేదు చూడండి. పక్కగోడ బిగువు వల్ల కొంచెం అటూ ఇటూ కావచ్చు గానీ, వెడల్పు టైరు వేసినంత మాత్రాన నేలను పట్టుకునే జాగా పెద్దగా పెరగదు. దాని ఆకారం మారుతుంది: అడ్డంగా సాగి, పొడవు తగ్గుతుంది. ఆ ఆకారానికి పొట్టి పక్కగోడ కూడా తోడైతే స్టీరింగ్ తిప్పగానే కారు ముక్కు వెంటనే తిరుగుతుంది. పదిహేడు వేయించినవాళ్లు స్టీరింగ్ షార్ప్ అయిందని చెప్పేది భ్రమ కాదు. కానీ బ్రేకు కొట్టినప్పుడు, తడి మలుపులో కారును ఆపే పట్టు ఎక్కువగా రబ్బరు మిశ్రమం నుంచి వస్తుంది. పాత పదహారు మీద చవక టైరు వాడి, కొత్త పదిహేడు మీద మంచి టైరు వేసుకున్నవాళ్లు ఆ మార్పునంతా రిమ్ము ఖాతాలో వేసేస్తారు.

వానాకాలంలో ఆ వెడల్పే ఇబ్బంది పెడుతుంది. వెడల్పు టైరు ఎక్కువ నీటిని పక్కకు తోయాలి, తాకే పొడవు తగ్గింది కాబట్టి తోయడానికి దొరికే సమయం కూడా తగ్గుతుంది. 1960లలో నాసా పరిశోధకులు విమానాల టైర్ల మీద ప్రయోగాలు చేసి ఒక సూత్రం ఇచ్చారు. దాని ప్రకారం 33 పీఎస్‌ఐ గాలి ఉన్న టైరు, నీళ్లు నిలిచిన రోడ్డు మీద గంటకు 96 కి.మీ. వేగానికి నేలను వదిలి నీటి మీద తేలిపోగలదు. కారు టైరు విషయంలో వెడల్పు పెరిగినా, టైరు మీది గాడులు అరిగినా ఇంకా తక్కువ వేగానికే ఆ ప్రమాదం వస్తుంది. ములుగు వైపు హైవే మీద జోరు వానలో వంద మీద పోయేవాళ్లు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి.

ఇక గుంతలు. మన దగ్గర రోడ్లు ఊరికే పాడవ్వవు. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, పైనున్న తారును చీలుస్తుంది. దాని మీద భూపాలపల్లి బొగ్గు లారీలు, కరీంనగర్ గ్రానైట్ లారీలు తిరుగుతాయి. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు 16 రెట్లవుతుందని అమెరికాలో 1958–60 మధ్య జరిగిన పెద్ద రోడ్డు పరీక్షలో తేలింది. ఆ గుంత అంచును మన టైరు ఢీకొన్నప్పుడు పక్కగోడ లోపలికి నలుగుతుంది. నలగడానికి జాగా అయిపోతే రిమ్ము అంచుకూ గుంత అంచుకూ మధ్య రబ్బరు ఇరుక్కుని, లోపలి దారాలు తెగుతాయి. తర్వాత ఆ చోట బుగ్గ లేస్తుంది. బుగ్గ వచ్చిన టైరుకు రిపేరు లేదు, మార్చేయడమే.

15 మి.మీ. తగ్గితే ఎంత నష్టమో స్థూలంగా లెక్కేయొచ్చు. రిమ్ము అంచు తన వంతుగా 17 మి.మీ. దాకా ఆక్రమిస్తుంది. అది తీసేస్తే 107లో మిగిలేది 90, 92లో మిగిలేది 75. స్ప్రింగు నలిగినప్పుడు మింగే శక్తి నలిగిన దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. టైరును కూడా స్ప్రింగు అనుకుంటే 75 వర్గం 90 వర్గంలో 69 శాతమే. అంటే దెబ్బను మింగే సామర్థ్యం మూడింట ఒక వంతు దాకా పోయింది. గుంత కొట్టే దెబ్బ కూడా వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, 60 మీద తట్టుకున్న గుంతను ఇప్పుడు 50 మీదే తట్టుకోగలం. రాత్రిపూట ఎదురు లైట్ల వెలుగులో గుంత కనబడని రోడ్ల మీద ఈ పది కిలోమీటర్లు చాలా పెద్ద తేడా.

పెద్ద రిమ్ము వేస్తే పికప్ చచ్చిపోతుందనే మాట మాత్రం కొంచెం ఎక్కువ చేసి చెప్పేది. చక్రం అంచు దగ్గర కిలో పెరిగితే కారులో రెండు కిలోలు పెరిగినట్టు లెక్క. చక్రానికి రెండు కిలోల చొప్పున నాలుగింటికీ పెరిగినా మొత్తం 16 కిలోలే, ఒక సామాను సంచి బరువు. అసలు తేడా సస్పెన్షన్ దగ్గర వస్తుంది. రిమ్ము, టైరు, బ్రేకు కలిసి స్ప్రింగు కింద వేలాడే బరువు. గతుకు తగిలితే అది సెకనుకు పన్నెండు, పదమూడు సార్లు పైకీ కిందకీ ఊగుతుంది, షాక్ అబ్జార్బర్ దాన్ని అదుపు చేయాలి. ఆ బరువు ఎంత పెరిగితే టైరు నేలను వదిలి గాల్లో ఉండే సమయం అంత పెరుగుతుంది. గాల్లో ఉన్న టైరు బ్రేకు వేయలేదు, మలుపు తిప్పలేదు. అందుకే కొనే ముందు రిమ్మును తూకం వేయించమంటాను. మామూలు పోత అలాయ్ కంటే ఫ్లో ఫార్మింగ్ పద్ధతిలో (పోత పోశాక రోలర్లతో సాగదీసి) చేసినది తేలికగా ఉంటుంది, ఫోర్జ్‌డ్ (లోహాన్ని బలంగా నొక్కి చేసినది) ఇంకా తేలిక, ధర కూడా అంతే ఎక్కువ.

షాపులో ఎక్కువగా మర్చిపోయేది లోడ్ అంకె. కంపెనీ టైరు మీద సైజు పక్కన 87 అని ఉంటుంది, ఒక్కో టైరు 545 కిలోలు మోయగలదని అర్థం. మామూలు 205/45 ఆర్17 మీద ఉండేది 84, అంటే 500 కిలోలు. చూడటానికి పెద్దది, మోసేది తక్కువ. ఐదుగురు ఎక్కి, సామాను పెట్టుకుని మేడారం జాతరకు బయల్దేరినప్పుడు ఇది తెలుస్తుంది. పదిహేడే కావాలంటే ఎక్స్‌ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్, ఎక్కువ బరువు మోసేది) గుర్తు ఉన్న 88 టైరు అడగండి. అది 560 కిలోలు మోస్తుంది, కానీ అంత మోయాలంటే గాలి కూడా కొంచెం ఎక్కువ పెట్టాలి.

రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ము వెడల్పు మధ్య గీత నుంచి, అది కారుకు బిగించే ముఖం ఎంత దూరంలో ఉందో మి.మీ.లో చెప్పే కొలత) కూడా కలిపి చూడాలి. 6 అంగుళాల వెడల్పు, 45 ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ము తీసి 7 అంగుళాలు, 40 ఆఫ్‌సెట్ వేస్తే బయటి అంచు దాదాపు 18 మి.మీ. బయటికి వస్తుంది, లోపలి అంచు 8 మి.మీ. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఉండే కడ్డీ) వైపు జరుగుతుంది. చక్రం బయటికి వచ్చేకొద్దీ బేరింగు మీద భారం పెరుగుతుంది. నడిమి రంధ్రం సంగతి ఇంకొకటి. ఐ20లో రిమ్ము రంధ్రంలోకి దూరే హబ్బు 54.1 మి.మీ.; బయట అమ్మే చాలా రిమ్ములకు అన్ని కార్లకూ సరిపోయేలా 73.1 మి.మీ. రంధ్రం ఉంటుంది. మధ్యలో సరైన రింగు వేయకపోతే ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా స్టీరింగ్ వణుకుతూనే ఉండొచ్చు.

చట్టం సంగతీ చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులకు హద్దులు పెట్టింది, 2019లో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని చెప్పింది. మడ్‌గార్డు దాటి పక్కకు పొడుచుకువచ్చే చక్రాల జోలికి పోవద్దు. ఏ మార్పు చేసినా ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే రాసి తెలియజేయండి.

నన్ను అడిగితే మొదటి ఓటు అదే 195/55కు, మంచి రబ్బరుతో. కొంచెం వెడల్పు కావాలనుకుంటే అదే 16 అంగుళాల రిమ్ము మీద 205/55. దాని పక్కగోడ 113 మి.మీ., కంపెనీ టైరు కంటే కూడా ఎక్కువ. లోడ్ అంకె 91, అంటే 615 కిలోలు. పెద్ద సెడాన్లకు వాడే సైజు కాబట్టి వరంగల్‌లోనూ సులభంగా దొరుకుతుంది. మొత్తం ఎత్తు 1.8 శాతం పెరుగుతుంది, పికప్ అంతే తగ్గుతుంది, మీటరు మునుపటికంటే అంత తక్కువ చూపిస్తుంది. బిగించాక స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, వెనక ముగ్గురిని కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్ మీద నడిపి, ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకోవాలి. గాలి మాత్రం పొద్దున్నే, కారు నడపకముందు చెక్ చేయించండి. 25 డిగ్రీల వద్ద 33 ఉన్న గాలి, రామగుండం మే ఎండలో హైవే మీద టైరు 60 డిగ్రీలకు వేడెక్కితే 38 దాటుతుంది. ఆ వేడిలో కొలిచి ఎక్కువైందని తీయించేస్తే, మర్నాడు చల్లబడ్డ టైరులో ఉండాల్సిన దానికంటే అయిదు పీఎస్‌ఐ తక్కువే మిగులుతుంది.