జేబుకూ సైన్‌కూ ఒకే మూలం

త్రికోణమితి నేర్చుకునే పిల్లలకు మొదట పరిచయమయ్యే మాట సైన్. ఆ పేరుకూ, చొక్కాకు మనం కుట్టించుకునే జేబుకూ మూలం ఒకే అరబ్బీ మాట అంటే వెంటనే నమ్మబుద్ధి కాదు. వృత్తంలోని చాపాన్ని విల్లుగా, దాని రెండు కొనలను కలిపే రేఖను వింటినారిగా ఊహించిన మన ప్రాచీన గణితజ్ఞులు ఆ రేఖను జ్యా అనీ, జీవా అనీ పిలిచారు. ఆ గ్రంథాలను చదివిన అరబ్బీ పండితులు ఆ మాటకు అర్థం వెతకకుండా, వినబడిన ధ్వనినే తమ లిపిలో జ, య, బ అనే మూడు అక్షరాలతో రాసుకున్నారు. ఆ లిపిలో హ్రస్వాచ్చులను సాధారణంగా రాయరు కనుక అదే రాతను జైబ్ అని కూడా చదవవచ్చు. జైబ్ అంటే వస్త్రపు మడత, వక్షస్థలం. 12వ శతాబ్దపు లాటిన్ అనువాదకులు ఆ రాతను జైబ్ అనే చదువుకొని, తమ భాషలో మడతకూ వక్షానికీ వాడే సైనస్ అనే మాటను దానికి బదులుగా పెట్టారు. ఆంగ్లంలో అది సైన్ అయింది. అదే జైబ్ పారశీకం, ఉర్దూల మీదుగా దక్కనుకు వచ్చి మనకు జేబు అయింది.

ఆంగ్లంలోని అరబ్బీ పదాలు అనగానే ఆల్జీబ్రా వంటి 'అల్'తో మొదలయ్యేవే చాలామందికి గుర్తొస్తాయి. ఆ 'అల్' అరబ్బీలో నామవాచకానికి ముందు చేరే చిన్న పదం మాత్రమే. నా దృష్టిలో, అది లేని మాటలే ఆంగ్లేయుల ఇంటి లోపలికి ఎక్కువగా చొచ్చుకుపోయాయి. పత్తిని అరబ్బీలో కుతున్ అంటారు. శతాబ్దాల పాటు అరబ్బీ మాట్లాడేవారి పాలన సాగిన స్పెయిన్‌లో 'అల్' మాటకే అతుక్కుపోయి అది అల్గొదోన్ అయింది. ఇటలీలో మాత్రం ఆ 'అల్' లేకుండా కొతోనే అయింది. ఆంగ్లానికి ఫ్రెంచి ద్వారా చేరినది ఈ రెండో రూపమే కనుక అక్కడ పత్తి కాటన్ అయింది. చక్కెర కథ కూడా అటువంటిదే. సంస్కృత శర్కర పారశీకంలో షకర్‌గా, అరబ్బీలో సుక్కర్‌గా మారి, ఇటలీ, ఫ్రాన్సుల మీదుగా షుగర్‌గా ఇంగ్లండు చేరింది. ఆ శర్కరే మనకు చక్కెర.

నారింజ విషయంలో దారిలో ఒక అక్షరమే జారిపోయింది. సంస్కృతంలో నారంగం, అరబ్బీలో నారంజ్ అయిన ఈ మాట మూలం ద్రావిడ భాషల్లోనే ఉందని చాలామంది పండితుల అభిప్రాయం. ఐరోపాలో దాని మొదటి నకారం, ముందు పలికే 'ఒక' అనే అర్థంగల పదంలో కలిసిపోయింది. ఈ మార్పు ఆంగ్లంలో జరిగిందని తరచూ చెబుతుంటారు గానీ, ఆ పండు పేరు ఫ్రెంచి నుంచి ఇంగ్లండు చేరేసరికే నకారం లేదు. మన నారింజలో అది భద్రంగా ఉంది.

దాచిపెట్టడం అనే అర్థంగల అరబ్బీ ధాతువు నుంచి మనకు ఖజానా వచ్చింది. గిడ్డంగి అనే అర్థంలో మఖ్జన్ కూడా అందులోంచే పుట్టి, ఇటలీ, ఫ్రాన్సుల మీదుగా ఆంగ్లంలో మ్యాగజీన్ అయింది. మందుగుండు నిల్వచేసే కొట్టునూ, తుపాకీలో తూటాలుండే పెట్టెనూ ఈనాటికీ మ్యాగజీన్ అనడానికి కారణం ఇదే. 1731లో లండన్‌లో మొదలైన జెంటిల్‌మన్స్ మ్యాగజీన్, రకరకాల రచనలను ఒకచోట పోగుచేసిన గిడ్డంగి అనే అర్థంలో ఆ పేరు పెట్టుకుంది. ఆ తర్వాత ఆ పేరు పత్రికలన్నిటికీ వాడుకైంది.

ఆల్కహాల్ ప్రయాణం వీటన్నిటికంటే విచిత్రమైనది. అల్ కుహ్ల్ అంటే కళ్లకు పెట్టుకునే, మెత్తగా నూరిన కాటుక పొడి. ఐరోపా రసవాదులు మొదట మెత్తని పొడి దేనికైనా, ఆపై శుద్ధిచేసి తీసిన సారం దేనికైనా ఈ మాట వాడారు. ద్రాక్షసారాను మరిగించి పట్టిన సారాన్ని ద్రాక్షసారా ఆల్కహాల్ అన్నారు. క్రమంగా ద్రాక్షసారా రాలిపోయి ఆల్కహాల్ ఒక్కటే మిగిలింది. ఆంగ్లం తర్వాత అదే అరబ్బీ మాటను 'అల్' లేకుండా మరోసారి అరువు తెచ్చుకుంది. ఇప్పుడు అక్కడ కాటుక పేరు కోల్.