2021లో మూసిన తలుపు, తెరిచిన తలుపు: వరి ఎండాకు తెగులు, ఆకు రసాల గొడవ వెనుక కథ

చెన్నై: ఈశాన్య రుతుపవనాల గాలివానలకు సాంబా పంటకాలపు వరి ఆకులు కొసల నుంచి పసుపెక్కి ఎండడం మొదలైతే చాలు, పాత వాదన మళ్లీ రాజుకుంటుంది. ఊత్తుకోట, పళ్లిపట్టు వైపు పొలాలుండి నగరంలో కాపురం ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు ఇదే చర్చ. మొక్కల సారంతో బాక్టీరియా ఎండాకు తెగులు పోతుందా, పోదా?

వేప గొప్పతనం, దాని పేటెంట్ కోసం జరిగిన పోరాటం అందరికీ తెలిసినవే. ఇప్పటి గొడవకు మూలం వాటిలో లేదు, 2021లో ఉంది.

అంతకుముందు వరకు రైతుకు అలవాటైన మందు స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్. తెగులు కనిపించగానే షాపుకెళ్లి ఆరు గ్రాముల ప్యాకెట్ తెచ్చి, కాపర్ ఆక్సీక్లోరైడ్‌తో కలిపి కొట్టేవారు. అందులో ఉండే స్ట్రెప్టోమైసిన్ క్షయ రోగులకు ఇచ్చే మందు. పొలాల్లో దాన్ని ఇలా చల్లుతూ పోతే బాక్టీరియా మొండికేస్తుందని, రేపు ఆ మందు మనుషులకూ పనిచేయదని శాస్త్రవేత్తలు హెచ్చరిస్తూ వచ్చారు. చివరికి 2021 డిసెంబర్‌లో కేంద్రం ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. 2022 ఫిబ్రవరి 1 నుంచి పంటల కోసం దిగుమతి, తయారీ ఆపాలని, 2024 జనవరి 1 నుంచి వాడకమే మానాలని దాని సారాంశం. అది సరైన నిర్ణయమే. కానీ ప్యాకెట్ పోతే రైతు ఏం చేయాలో పల్లెలో కూర్చుని చెప్పినవాళ్లు తక్కువ.

అదే ఏడాది ఫిబ్రవరిలో ఇంకో తలుపు తెరుచుకుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో బయోస్టిమ్యులెంట్లకు, అంటే మొక్కకు ఉత్తేజమిచ్చే పదార్థాలకు చోటిచ్చారు. మొక్కల సారాలు కూడా వాటిలో ఒక రకం. అయితే ఆ అనుమతి ఎదుగుదలకు తోడ్పడేవాటికే. తెగులు తగ్గిస్తామని అమ్మాలంటే 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ తేడా షాపు కౌంటర్ దగ్గర చెరిగిపోతోంది. ప్యాకెట్ ఉన్న చోటికి మొక్కల సారం సీసా వచ్చింది. కొట్టిన వారానికి కొత్త ఆకులు పచ్చగా వచ్చాయని అమ్మేవాళ్లు చూపిస్తారు. వాన వెలిసి ఎండ కాస్తే తెగులు తనంతట తానే నెమ్మదించడం మామూలే.

అసలు చిక్కు తెగులు తీరులోనే ఉంది. ఈ బాక్టీరియా ఆకు అంచున నీరు చెమర్చే రంధ్రాల గుండా, గాయాల గుండా లోపలికి పోయి నీటి గొట్టాల్లో కాపురం పెడుతుంది. ల్యాబ్‌లో గాజు పళ్లెం మీద ఆకు రసం నేరుగా దానికి తగులుతుంది కాబట్టి పెరుగుదల ఆగుతుంది. పొలంలో రసం ఎక్కువగా ఆకు పైనే ఉండిపోతుంది. వేపలోని అజాడిరక్టిన్ అనే పదార్థం ఎండకు త్వరగా పాడవుతుంది కూడా.

అలాగని ఇవి పనికిరావని కాదు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ తెగులుకు 5 శాతం వేపగింజల కషాయం, 3 శాతం వేపనూనె సిఫారసు చేసింది. పేడ నీటిని వడకట్టి తెగులు తొలి జాడలోనే ఒకసారి, పదిహేను రోజులకు ఇంకోసారి కొట్టమంది. ఐదు కిలోల గింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, వంద లీటర్లు చేసి, సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టే రైతులు నాకు తెలుసు. వాళ్లు యూరియా తగ్గిస్తారు, నారు కొసలు తుంచి నాటరు. అంతా కషాయం ఒక్కటే చేసిందని వాళ్లెప్పుడూ అనరు.

ఈ మాటల్లో విత్తనం ఊసే రాదు. ఇక్కడ ఆంధ్రా పొన్ని అని పిలిచేది మన బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరినే. అన్నం బాగుంటుంది, కానీ ఈ తెగులుకు ఇట్టే లొంగుతుంది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థ కలిసి దానికి మూడు నిరోధక జన్యువులు జోడించి, 2008లోనే మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. ఇప్పుడు నవరై, అంటే సాంబా తర్వాతి పంటకాలపు వరికి నారు పోసే రోజులు దగ్గరపడ్డాయి. సీసాలు ఇప్పటికే షాపుల్లో ఉన్నాయి, ఈ విత్తనం ఎక్కడ దొరుకుతుందని మాత్రం రైతులు ఇంకా అడుగుతూనే ఉన్నారు.