అప్పు తీరినా ఈసీలో తనఖా ఎందుకు కనిపిస్తుంది?

హోమ్ లోన్ మొత్తం కట్టేసి, ‘నో డ్యూస్’ లెటర్ పట్టుకుని ఇల్లు అమ్మబోయినవాళ్లకు కొనేవాళ్ల లాయరు దగ్గర చుక్కెదురవుతుంది. ఈసీలో, అంటే ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో, తనఖా అలాగే ఉంటుంది మరి. బాకీ తీరినంత మాత్రాన తనఖా దానంతటదే పోదు. దీని వెనక 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది.

వంద రూపాయలు, ఆపైన ఏ తనఖా అయినా రిజిస్టర్ కావాలంటుంది ఆ చట్టం 59వ సెక్షన్. మద్రాసు, కలకత్తా, బొంబాయి లాంటి రేవు పట్టణాల వర్తకానికి మాత్రం వెసులుబాటు ఇచ్చారు: ఇంటి దస్తావేజులు అప్పిచ్చినవాడి చేతికిస్తే చాలు. ఆ తర్వాత ప్రభుత్వాలు నోటిఫికేషన్లతో మరెన్నో ఊళ్లను ఇందులో చేర్చాయి. ఆస్తి ఎక్కడున్నా సరే, కాగితాలు అప్పగించిన ఊరు నోటిఫై అయి ఉండాలి, అంతే. ఖర్చు తక్కువ, పని తొందరగా అవుతుంది కాబట్టి గృహరుణాలకు బ్యాంకులు ఈ దారే పట్టాయి.

చిక్కల్లా, రిజిస్టర్ కాని తనఖా ఈసీకి ఎక్కదు. కలర్ జిరాక్సులతో ఒకే ఫ్లాటు మీద రెండు మూడు బ్యాంకుల్లో అప్పు తెచ్చిన మోసాలు ఈ సందులోంచి పుట్టినవే. విరుగుడుగా మనవైపు, దస్తావేజులు అప్పగించినట్టు రాసుకునే డిపాజిట్ మెమోరాండాన్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించడం అలవాటైంది. బ్యాంకుల బాకీ వసూళ్లకు తెచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద, తనఖాలను దేశమంతటికీ ఒకేచోట నమోదుచేసే సెర్సాయ్ కేంద్ర రిజిస్ట్రీ 2011 మార్చి 31న మొదలైంది. అంటే ఒకే తనఖా బ్యాంకు లాకర్లో, ఈసీలో, సెర్సాయ్‌లో ముడిపడింది. మూడుచోట్లా విప్పాల్సిందే.

కాగితాలు తిరిగివ్వడంలో బ్యాంకుల తాత్సారానికి చాలాకాలం గడువంటూ లేదు. 2023 సెప్టెంబరు 13న రిజర్వు బ్యాంకు కళ్లెం వేసింది: 2023 డిసెంబరు 1 నుంచి, బాకీ తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు ఇచ్చి, రిజిస్ట్రీల్లో తనఖా తీయించాలి. తప్పు బ్యాంకుదైతే ఆలస్యానికి రోజుకు రూ.5,000 పరిహారం. దస్తావేజులు పోగొడితే నకళ్ల ఖర్చు బ్యాంకుదే. అందుకు మరో 30 రోజులు గడువు.

బాకీ ఉండగానే అమ్మేటప్పుడు ముందుగా ఫోర్‌క్లోజర్ లెటర్ (లోన్ మూసేయడానికి ఎంత కట్టాలో బ్యాంకు చెప్పే ఉత్తరం), బ్యాంకు దగ్గరున్న కాగితాల జాబితా తీసుకోవాలి. డిపాజిట్ చేసినప్పుడు ఇచ్చిన రసీదుతో ఆ జాబితాను సరిచూడాలి. ఎక్కువగా తప్పిపోయేవి లింకు డాక్యుమెంట్లే, అంటే పాత యజమానుల నాటి దస్తావేజులే. లెటర్లో తేదీ దాటితే రోజుకు ఎంత వడ్డీయో ఉంటుంది. కొనేవాళ్ల లోను వారం ఆలస్యమైతే, బాకీ తీర్చే డీడీ ఆ మేరకు తక్కువపడి ఖాతా మూతపడదు. డీడీ కూడా అమ్మేవాళ్ల పేరున కాక, బ్యాంకు పేరున, లోన్ ఖాతా నంబరుతో తీయించాలి.

2012 జూన్‌లో ఫ్లోటింగ్ రేటు గృహరుణాలపై ముందస్తు చెల్లింపు జరిమానాను బ్యాంకులకు నిషేధించాక, లోన్‌ను వేరే బ్యాంకుకు మార్చుకోవడం తేలికైంది. కానీ పాత తనఖాకు విడుదల పత్రం (తనఖా తీరిందని బ్యాంకు రాసిచ్చేది), కొత్తదానికి మళ్లీ డిపాజిట్ రిజిస్ట్రేషన్, దాని స్టాంపు డ్యూటీ ఉంటాయి. పావు శాతం తేడా చూసి దూకేవాళ్లు ఈ లెక్క మరిచిపోతారు.

విడుదల పత్రంపై బ్యాంకు అధీకృత అధికారి సంతకం చేయాలి. పాత మెమోరాండం డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం అందులో తప్పులేకుండా పడాలి. ఒక్క అంకె మారినా సవరణ పత్రం కోసం బ్యాంకు వెంట మళ్లీ తిరగాలి. రిజిస్టర్ అయ్యాక కొత్త ఈసీ తీస్తే పాత ఎంట్రీ చెరిగిపోదు, విడుదల ఎంట్రీ దానికి తోడుగా చేరుతుంది. లాయరు చూసేది ఆ రెండు నంబర్లూ కలిశాయా అన్నదే.