బడి తోట ఎన్నిసార్లు వచ్చింది, ఎందుకు పోయింది

స్కూల్లో తోట పెట్టి దాంతోనే లెక్కలు, సైన్సు, సోషల్, భాష అన్నీ చెప్పాలి అనే మాట ఈమధ్య కొత్త ఐడియాలా తిరుగుతోంది గానీ దీనికి రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది, అది తెలీకుండా మొదలుపెడితే పాతవాళ్ళు ఎక్కడ దెబ్బతిన్నారో మనమూ అక్కడే తింటాం.

1762లో తత్వవేత్త రూసో రాసిన ఎమీల్ పుస్తకంలో పిల్లాడు తన గురువుతో కలిసి చిక్కుడు గింజలు నాటి, రోజూ నీళ్ళు పోసి, మొలకలు చూసి తెగ మురిసిపోతాడు. ఒకరోజు వచ్చేసరికి మొక్కలన్నీ పీకేసి ఉంటాయి. ఇదేంటని అడిగితే తోటమాలి రాబర్ట్ తిరిగి వీళ్ళమీదే మండిపడతాడు, నేను ముందే ఖర్బూజా గింజలు వేసుకున్న చోట మీరొచ్చి తవ్వేశారు కదా అని. చివరికి ఓ మూల పిల్లాడికి ఇస్తాడు, నా ఖర్బూజాల జోలికొస్తే నీ చిక్కుళ్ళు మళ్ళీ పీకేస్తా అనే మాట మీద. ఇక్కడ నేర్పింది వృక్షశాస్త్రం కాదు, ఆస్తి అంటే ఏంటి, ఒప్పందం అంటే ఏంటి అనేది, అంటే అచ్చంగా సోషల్ పాఠం.

తర్వాత స్విట్జర్లాండ్‌లో పెస్టలాజీ అనే విద్యావేత్త 1774లో పేదపిల్లలతో వ్యవసాయ బడి పెట్టాడు, పిల్లల పనితోనే ఖర్చులు వెళ్ళిపోవాలనుకున్నాడు, 1780కల్లా మూతపడింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త పెట్టిన కిండర్‌గార్టెన్‌లో ఒక్కో పిల్లాడికి సొంత మడి, అందరికీ కలిపి ఉమ్మడి మడులు ఉండేవి. 1869లో ఆస్ట్రియా చట్టంలోకే బడి తోట ఎక్కింది. అమెరికాలో 1891లో బోస్టన్‌లోని రాక్స్‌బరీలో మొదలైంది.

అసలు విషయం తేల్చి చెప్పింది మాత్రం అమెరికా విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ అనిపిస్తుంది నాకు. తోటపని నేర్పేది పిల్లల్ని తోటమాలుల్ని చేయడానికి కాదు, మట్టి రసాయనం, వెలుతురు, తేమ, పురుగులు, మనుషుల చరిత్రలో వ్యవసాయం చోటు, వీటన్నిట్లోకి దారి చూపడానికి అని 1916లో రాశాడు. ఉదాహరణకి, 2 మీటర్ల మడిలో 25 సెంటీమీటర్లకో గింజ, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎన్ని పడతాయో పిల్లల్ని అడగండి, భాగించి 8 అంటారు, నాటి చూస్తే 9 పడతాయి. ఎందుకు అని వాళ్ళలో వాళ్ళే వాదించుకుంటారు, సందులు 8 అయితే గింజలు 9 అని తెలిసేది అప్పుడే, అది పుస్తకంలో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

కానీ డ్యూయీ రాసిన ఏడాదికే, 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది, స్కూల్ గార్డెన్ ఆర్మీ అని పెట్టి పిల్లల్తో కూరగాయలు పండించారు. పంటే లక్ష్యం అయిపోయింది, యుద్ధం అయిపోగానే డబ్బులు ఆగాయి, ఆ కార్యక్రమమూ ఆగింది.

మన దేశంలో 1937లో వార్ధాలో గాంధీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ ఇంకా లోతైనది, ఒక చేతిపని చుట్టూ అన్ని సబ్జెక్టులూ మాతృభాషలో అల్లాలన్నారు, ఆ పనుల్లో వడకడంతో పాటు వ్యవసాయం, కూరగాయల తోట కూడా ఉన్నాయి. దాంతోపాటే బడి ఖర్చు పిల్లల ఉత్పత్తి మీద గడవాలనే మాట కూడా వచ్చింది, పెస్టలాజీ తిన్న దెబ్బ సరిగ్గా ఇక్కడే. ఈ పథకానికి రూపం ఇచ్చిన జాకిర్ హుస్సేన్ కమిటీ అప్పుడే హెచ్చరించింది, డబ్బు వైపు మొగ్గితే చదువు దెబ్బతింటుందని. నయీ తాలీమ్ పద్ధతిలో పెట్టిన బేసిక్ స్కూళ్ళు పల్లెపిల్లలకి చేతిపనీ పట్నం పిల్లలకి చదువూ అన్నట్టు తయారయ్యాయి, తల్లిదండ్రులు దూరం జరిగారు, అది వాళ్ళ తప్పని నేననను.

1995లో కాలిఫోర్నియా ప్రతి స్కూల్‌కీ తోట అంది, అదే ఏడాది అక్కడి బర్క్‌లీలో ఆలిస్ వాటర్స్ అనే రెస్టారెంట్ యజమాని ఓ స్కూల్ తోటనీ వంటగదినీ పాఠాలతో కలిపింది. మన కేంద్ర ప్రభుత్వం 2019లో స్కూల్ న్యూట్రిషన్ గార్డెన్స్‌కి మార్గదర్శకాలిచ్చింది. పోషణ ముఖ్యమే, కాదనను, కానీ ఎన్ని కిలోలు కాశాయనేదే రిపోర్టులో అడిగితే లెక్కల టీచర్ తోటవైపు రాదు. వారానికో లెక్కల పీరియడ్, ఓ తెలుగు పీరియడ్ తోటలో జరుగుతాయని టైమ్‌టేబుల్లో రాసి ఉందా లేదా, నేనైతే ముందు అది చూస్తా.