ఫేజుల అంకె వెనక ముప్పై ఏళ్లు: మన ఎండల్లో గేమింగ్ మదర్‌బోర్డు

వేసవి సెలవులు మొదలయ్యాయంటే నెల్లూరు, ఒంగోలు కంప్యూటర్ షాపులకు ఒక రకం ఫిర్యాదు తప్పకుండా వస్తుంది. పొద్దున బాగా నడిచిన గేమ్ మధ్యాహ్నం రెండు దాటాక ఆగి ఆగి నడుస్తుంది. ప్రాసెసర్ టెంపరేచర్ చూస్తే డెబ్బై దాటి ఉండదు. గ్రాఫిక్స్ కార్డూ బాగానే ఉంటుంది. అయినా క్లాక్ స్పీడు ఉన్నట్టుండి సగానికి పడిపోతుంది. కుర్రాళ్లు ముందు గ్రాఫిక్స్ కార్డును అనుమానిస్తారు, తర్వాత విండోస్ తీసేసి మళ్లీ వేస్తారు. చాలాసార్లు వేడెక్కుతున్నది అవేవీ కాదు. ప్రాసెసర్ సాకెట్ పక్కన, బోర్డు అంచున, హీట్‌సింక్ కింద వరసగా ఉండే చిన్న చిన్న నల్ల చిప్‌లు. ప్రాసెసర్‌కి కరెంటు అందించే ఆ భాగాన్నే వీఆర్‌ఎం అంటారు.

విచిత్రం ఏమిటంటే, గేమింగ్ బోర్డు పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఉండేది కూడా దీని గొప్పే. 14 ప్లస్ 2 ప్లస్ 1 ఫేజులు, 90 ఆంపియర్ల పవర్ స్టేజ్‌లు అని రాసి ఉంటుంది. ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎప్పుడు నిజం చెప్పాయో, ఎప్పుడు సగమే చెప్పాయో తెలియకుండా అదనంగా ఐదారు వేలు పెట్టడం నాకు నచ్చదు. అందుకే కాస్త వెనక్కి వెళ్లాలి.

మొదట్లో ఈ గొడవే లేదు. 386, 486 రోజుల్లో పవర్ సప్లై ఇచ్చే 5 వోల్టులు నేరుగా చిప్‌కి వెళ్లేవి. 1993లో వచ్చిన మొదటి పెంటియమ్‌లూ అంతే. తర్వాతివి 3.3 వోల్టులకి దిగాయి. 1997లో పెంటియమ్ ఎంఎంఎక్స్ వచ్చేసరికి లోపలి కోర్‌కి 2.8, బయటి పిన్నులకు 3.3 అని రెండు వోల్టేజిలు కావాల్సి వచ్చాయి. ఈలోగా 1995 నాటి పెంటియమ్ ప్రోతో ఇంకో మార్పు వచ్చింది. తనకి ఎంత వోల్టేజి కావాలో చిప్పే కొన్ని పిన్నుల ద్వారా బోర్డుకు చెప్పడం మొదలుపెట్టింది. చిప్ అడిగినంత తయారు చేసి ఇచ్చే పని అప్పటి నుంచి బోర్డు మీద పడింది.

ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యేకొద్దీ వోల్టేజి తగ్గుతూ వచ్చింది, వాట్లు మాత్రం పెరుగుతూ పోయాయి. ఈ రెండూ కలిస్తే పెరిగేది కరెంటు. ఇవాళ ఒక పెద్ద ప్రాసెసర్ 1.25 వోల్టుల దగ్గర 250 వాట్లు లాగిందంటే 200 ఆంపియర్లు అన్నమాట. మన ఇళ్లలో మీటరు దగ్గరుండే మెయిన్ ఎంసీబీ మామూలుగా 32 ఆంపియర్లది. దానికి ఆరు రెట్లు కరెంటు అరచేయంత చోటులోంచి పోవాలి. 12 వోల్టులను అంత కిందకి దించడానికి మాస్‌ఫెట్ అనే స్విచ్‌ల జత సెకనుకు మూడు నుంచి ఐదు లక్షల సార్లు ఆన్ ఆఫ్ అవుతూ ఉంటుంది. ఆ ముక్కలు ముక్కల కరెంటును కాయిల్, కెపాసిటర్లు కలిపి నున్నగా చేస్తాయి. ఇలాంటి సెట్టు ఒకటి ఒక ఫేజు. ఆ స్విచ్‌ల జత ఒకే చిప్‌లో ఉంటే దాన్ని పవర్ స్టేజ్ అంటారు. 200 ఆంపియర్లను ఎనిమిది ఫేజులు పంచుకుంటే ఒక్కోదాని వంతు 25. పదహారు పంచుకుంటే పన్నెండున్నర. కరెంటు సగమైతే ఒక్కో స్విచ్ నిరోధం వల్ల పుట్టే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. ఫేజులు ఎక్కువుంటే మంచిదనే మాటకు ఆధారం ఇదే. మాట అబద్ధం కాదు, దాన్ని వాడుకున్న తీరులోనే తేడా వచ్చింది.

ఇక ఓవర్‌క్లాకింగ్, అంటే కంపెనీ పెట్టిన స్పీడు దాటించి చిప్‌ను నడపడం. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే చవక చిప్ తెచ్చింది. చిప్ స్పీడుకు మూలమైన బస్ స్పీడును 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 300 కాస్తా 450 అయ్యేది. చాలా చిప్‌లు ఏ ఇబ్బందీ లేకుండా ఆ స్పీడుని తట్టుకున్నాయి. సగం ధర చిప్‌తో పెద్ద చిప్ పని చేయించుకోవడం ఆ రోజుల్లో మామూలు సంబరం కాదు. అంతకుముందు బోర్డు మీద జంపర్లనే చిన్న ప్లగ్గులు పీకి పెట్టాల్సి వచ్చేది. అబిట్ కంపెనీ సాఫ్ట్‌మెనూ పేరుతో అదంతా బయాస్‌లోకి, అంటే బోర్డు సెట్టింగుల మెనూలోకి తెచ్చాక పని సులువైంది. నెల్లూరు, ఒంగోలు షాపులవాళ్లు పొద్దున పినాకినీ రైలెక్కి చెన్నైలో దిగి, రిచీ స్ట్రీట్‌లో సరుకు కొనుక్కుని తిరిగొచ్చే కాలం అది. అక్కడ ఏ బోర్డు చవగ్గా దొరికితే ఇక్కడ అదే బోర్డు. వీఆర్‌ఎం గురించి అడిగే కొనుగోలుదారు లేడు, చెప్పే అమ్మకందారూ లేడు.

2000 చివర్లో పెంటియమ్ 4తో నాలుగు పిన్నుల 12 వోల్టుల కనెక్టరు వచ్చింది. అంత కరెంటు 5 వోల్టుల లైను మీద తేవాలంటే తీగలు చాలవు కాబట్టి. ఇవాళ బోర్డు పై మూలన కనిపించే ఎనిమిది పిన్నుల సాకెట్ దాని వారసుడే.

అదే సమయంలో వచ్చిన పెద్ద దెబ్బ కెపాసిటర్లది. 1999 నుంచి 2007 దాకా మార్కెట్లోకి వచ్చిన ఎన్నో బోర్డుల్లో, లోపలి ద్రవం సరిగా లేని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు రెండు మూడేళ్లకే చచ్చిపోయాయి. ప్రపంచమంతా జరిగింది, మన ఇంటర్నెట్ సెంటర్లలోనూ జరిగింది. పక్క మూత తీస్తే సాకెట్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల నెత్తి మీద గీతలు విచ్చుకుని, పైభాగం ఉబ్బి, అంచున తుప్పు రంగు పొక్కు కట్టి ఉండేది. రిపేరు చేసేవాళ్లు 6.3 వోల్టుల, 1500 మైక్రోఫారడ్ల కొత్తవి తెచ్చి, పాతవాటి కాళ్లకు సోల్డరింగ్ ఐరన్ ఆనించి ఒక్కొక్కటే ఊడదీసేవాళ్లు. పది మిషన్లున్న సెంటర్లో ఏదో ఒక మిషన్ ఎప్పుడూ ఆ బల్ల మీదే ఉండేది. మదర్‌బోర్డులో కరెంటు భాగం కూడా పాడవుతుందని మన జిల్లాల్లో చాలామందికి మొదటిసారి తెలిసింది అప్పుడే అనుకుంటాను.

దానికి జవాబుగా కంపెనీలు గట్టి పాలిమర్ కెపాసిటర్లకు మారాయి. అది నిజమైన మెరుగుదల, దాన్ని మెచ్చుకోవాలి. కానీ నాణ్యత అమ్ముడుపోతుందని తెలిశాక పందెం మొదలైంది. ఒకరు 8 ఫేజులంటే ఇంకొకరు 12, మరొకరు 16. 2010లో గిగాబైట్ తెచ్చిన ఎక్స్58ఏ-యూడీ9 బోర్డుకు 24 ఫేజులని రాశారు. ఫేజులకు సిగ్నల్ ఇచ్చే అప్పటి కంట్రోలర్ చిప్‌లు అన్ని ఫేజులను విడివిడిగా నడపలేవు. ఒక సిగ్నల్‌ను రెండుగా చీల్చే డబ్లర్లు పెట్టి అంకె పెంచారు. కొన్ని చవక బోర్డుల్లో డబ్లర్ కూడా లేకుండా, రెండు కాయిళ్లు పక్కపక్కన అతికించి రెండు ఫేజులుగా లెక్కగట్టారు. డబ్లర్ తప్పు కాదు, వేడి పంచుకోవడంలో అది నిజంగా పనికొస్తుంది. కాయిళ్లు లెక్కపెట్టి బోర్డు నాణ్యత తేల్చే అలవాటు మాత్రం అక్కడి నుంచే వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

2011 జనవరిలో శాండీ బ్రిడ్జ్ వచ్చి ఆటనే మార్చేసింది. బస్ స్పీడును పెంచి లాభం పొందే దారిని ఇంటెల్ దాదాపుగా మూసేసింది. ఓవర్‌క్లాక్ చేయాలంటే కే అక్షరం ఉన్న ప్రాసెసర్, దానికి తగ్గ ఖరీదైన చిప్‌సెట్ (బోర్డు మీది ప్రధాన చిప్) రెండూ ఉండాలి. ఐ5-2500కే మాత్రం ఆ డబ్బుకు న్యాయం చేసింది. 3.3 గిగాహెర్ట్జ్ చిప్‌ను మంచి ఎయిర్ కూలర్‌తో 4.5 దాకా తీసుకెళ్లినవాళ్లు ఎందరో. మన దగ్గర ఎక్కువమంది కొన్నది మాత్రం చవక హెచ్61 చిప్‌సెట్ బోర్డు. దాని మీద అవేవీ కుదరవు.

ఏఎండీ వైపు ఎఫ్‌ఎక్స్ చిప్‌లన్నిటికీ ఓవర్‌క్లాకింగ్ తాళం తీసే ఉంచారు, కానీ అక్కడ కథ ఇంకోలా నడిచింది. ఎనిమిది కోర్ల ఎఫ్‌ఎక్స్ ప్రాసెసర్లు చాలావరకు 125 వాట్లవి. 2013లో వచ్చిన ఎఫ్‌ఎక్స్-9590 అయితే ఏకంగా 220. వీటిని మాస్‌ఫెట్ల మీద హీట్‌సింక్ కూడా లేని నాలుగు ఫేజుల బోర్డుల్లో పెట్టినప్పుడు మనం పైన చెప్పుకున్న లక్షణమే కనిపించింది. ప్రాసెసర్ చల్లగా ఉన్నా స్పీడు పడిపోవడం. 2017లో ఇదే సమస్య ఖరీదైన చోట బయటపడింది. ఇంటెల్ ఎక్స్299 బోర్డుల వీఆర్‌ఎం హీట్‌సింక్‌లు చూడటానికి భారీగా, చల్లార్చడానికి పనికిరాకుండా ఉన్నాయని డెర్‌బావర్ అనే జర్మన్ ఓవర్‌క్లాకర్ వీడియో పెట్టి చూపించాడు. రెక్కలు లేని లోహపు దిమ్మ, దాని మీద ప్లాస్టిక్ తొడుగు, అందులో రంగుల లైట్లు. గాలి తగిలే చోటే లేదు.

ఆ గొడవ మేలే చేసింది. సమీక్షలు చేసేవాళ్లు వీఆర్‌ఎం వేడిని విడిగా కొలవడం మామూలైంది. 2019లో ఏఎండీ 16 కోర్ల రైజెన్ 9 3950ఎక్స్‌ను మామూలు సాకెట్‌లోకి తెచ్చేసరికి ఎక్స్570 బోర్డులు గట్టి పవర్ స్టేజ్‌లతో, రెక్కలున్న హీట్‌సింక్‌లతో వచ్చాయి. అయినా చవక రకంలో పాత కథ ఆగలేదు. 65 వాట్లని పెట్టె మీద ఉన్న ఇంటెల్ ఐ5-11400 కాసేపు 154 వాట్ల దాకా వెళ్లగలదు. కొన్ని బి560 బోర్డులు ఆ స్పీడును నిలబెట్టలేకపోయాయి. ఒకే ప్రాసెసర్, బోర్డును బట్టి వేరే స్పీడు.

ఇప్పుడు మన ఎండల సంగతి. బోర్డు సమీక్షలు ఎక్కువగా ఇరవై, ఇరవై రెండు డిగ్రీల గదుల్లో జరుగుతాయి. అక్కడ వీఆర్‌ఎం 85 డిగ్రీలుందంటే ఫర్వాలేదు అని రాస్తారు. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, ఏసీ లేని డాబా గదిలో 37 ఉందనుకోండి. అదే లోడుకు అదే భాగం వంద దాటుతుంది. నిజానికి పదిహేను డిగ్రీల తేడాతో ఆగదు, మాస్‌ఫెట్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగి ఇంకాస్త వేడి పుడుతుంది. బోర్డు కంపెనీ పెట్టిన హద్దు తగలగానే ప్రాసెసర్ స్పీడు తగ్గించేస్తుంది. సమీక్షలో ఫర్వాలేదు అనిపించుకున్న బోర్డు మన ఊళ్లో చాలదు. ఈ ఒక్క లెక్క మన కుర్రాళ్లకు ఎవరూ చెప్పడం లేదని నా బాధ.

దుమ్ము కూడా లెక్కలోకి రావాలి. చీమకుర్తి వైపు గ్రానైటు కోసే ఫ్యాక్టరీల దగ్గర ఆ సన్నటి పొడి హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకుంటుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి దానికి తోడు. ఏటా వేసవికి ముందు ఒకసారి బ్లోయర్ కొట్టించడం కొత్త బోర్డు కొనడం కంటే ముందు చేయాల్సిన పని.

ఇంకొకటి. నీళ్ల కూలర్ పెడితే అంతా చల్లగా ఉంటుందనుకుంటారు. అది ప్రాసెసర్‌ను చల్లబరుస్తుంది, కానీ మామూలు ఫ్యాన్ కూలర్ సాకెట్ చుట్టూ విసిరే గాలి పోతుంది. వీఆర్‌ఎంకి అందే గాలి అదే. క్యాబినెట్‌లో వెనక, పైన ఒక్కో ఫ్యాన్ సరిగా తిరగకపోతే ఖరీదైన కూలర్ పెట్టి మరీ కొత్త సమస్య తెచ్చుకున్నట్టే.

కొనేముందు చూడాల్సింది ప్రాసెసర్ నిజంగా ఎన్ని వాట్లు లాగుతుందన్నది. రైజెన్ 5 7600 హద్దు 88 వాట్లు. 1.2 వోల్టుల లెక్కన 73 ఆంపియర్లు, ఆరు నిజమైన ఫేజులుంటే ఒక్కోదాని మీద పన్నెండే. దానికి 14 ఫేజుల బోర్డు కొనడం దండగ, ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు పెట్టుకోండి. 253 వాట్ల ఐ9 కొనేవాళ్లకు మాత్రం బోర్డు దగ్గర పొదుపు కుదరదు. 14 ప్లస్ 2 ప్లస్ 1లో కోర్లకు వెళ్లేది మొదటి అంకె ఒక్కటే. దాని వెనక కంట్రోలర్ ఏది, డబ్లర్లున్నాయా అని వెతకండి. 90 ఆంపియర్లన్నది స్టేజ్ తట్టుకోగలిగిన హద్దు, హాయిగా నడిచే చోటు కాదు. ఓవర్‌క్లాక్ ఆశ ఉంటే ఇంటెల్‌లో జెడ్ రకం చిప్‌సెట్ కావాలి. ఏఎండీలో బి550, బి650 లాంటివి చాలు, ఏ520, ఏ620 లాంటివి పనికిరావు. బిగించాక మధ్యాహ్నం పూట ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్ పది నిమిషాలు నడిపి, టెంపరేచర్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వీఆర్‌ఎం అంకె చూడండి. రాత్రి పన్నెండింటికి చేసిన పరీక్ష మే నెలకు సాక్ష్యం కాదు.

అసలు ఓవర్‌క్లాక్‌కి మిగిలిందే తక్కువ. ఐ9-14900కే ఫ్యాక్టరీ నుంచే 6 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, పిండాల్సిందంతా వాళ్లే పిండేశారు. మన జిల్లాల్లో వోల్టేజి కొంచెం తగ్గించి అదే స్పీడు నిలబెట్టుకోవడమే తెలివైన పని అని నా గట్టి నమ్మకం. వోల్టేజి ఎక్కువైతే ఏమవుతుందో ఈమధ్యే చూశాం. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు కొన్ని సాకెట్లోనే కాలిపోయాయి. కోర్లు కాక చిప్‌లోని మిగతా భాగానికి వెళ్లే ఎస్ఓసీ వోల్టేజిని ఏఎండీ కొత్త బయాస్‌తో 1.3కి కట్టడి చేసింది. 2024లో ఇంటెల్ 13, 14 తరం పెద్ద చిప్‌లు గేమ్ మధ్యలో క్రాష్ అవుతూ టెన్షన్ పెట్టాయి. చాలా బోర్డులు వాట్ల హద్దు ఎత్తేసి నడుపుతున్నాయని అప్పుడు అందరి దృష్టికీ వచ్చింది. తర్వాత చిప్ తనంతట తాను ఎక్కువ వోల్టేజి అడుగుతోందని తేలి, ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్‌తో (చిప్‌ను లోపల నడిపించే ప్రోగ్రాం) దాన్ని 1.55 వోల్టుల దగ్గర ఆపారు. కాబట్టి ఆ తరం ప్రాసెసర్ వాడేవాళ్లు బయాస్ అప్‌డేట్ చేసి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ఆన్‌లో ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోవాలి.

అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఏ అప్‌డేటూ బాగుచేయదు, మార్పించుకోవాల్సిందే. పెట్టెతో అమ్మిన ఆ ప్రాసెసర్లకు ఇంటెల్ వారంటీని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. రిచీ స్ట్రీట్‌లోనో ఇక్కడి షాపులోనో 18 శాతం జీఎస్టీ మిగులుతుందని బిల్లు వద్దన్నవాళ్లకు ఆ రెండేళ్లు అడగడం కష్టం. పెట్టె లేకుండా ట్రేలో అమ్మిన చిప్‌లకు బాధ్యత అమ్మినవాళ్లది, వాళ్ల దగ్గరికే వెళ్లాలి.