పెంకు పగలకుండా పచ్చసొన లెక్క

చిత్తూరు గుడ్ల ధర రోజూ వెలువడుతుంది. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ పట్టికలో ఈ ఊరికి విడిగా ఒక వరుస ఉంది. అయితే ఆ ధర వంద గుడ్లకే తప్ప కిలోకు కాదు. వ్యవసాయ ఉత్పత్తులకు ప్రభుత్వం ఇచ్చే నాణ్యతా ముద్ర అగ్‌మార్క్ దారి వేరు, అది ఒక్కో గుడ్డు బరువు చూస్తుంది: 38 గ్రాముల నుంచి చిన్నవి, 45 నుంచి మధ్యరకం, 53 నుంచి పెద్దవి, 60 నుంచి మరీ పెద్దవి. బరువు చూసినా, సంఖ్య చూసినా, కొన్నవారికి లోపల తెల్లసొన ఎంత, పచ్చసొన ఎంత దక్కుతుందో తెలియదు. పగలగొడితే తెలుస్తుంది గానీ, పగిలిన గుడ్డు అమ్మకానికి పనికిరాదు.

పరిశోధకులు మొదట పగలగొట్టే చూశారు. 1937లో రేమండ్ హా, గుడ్డును చదునైన పలకపై పోసి చిక్కటి తెల్లసొన ఎత్తు కొలిచి, దానికి గుడ్డు బరువు జతచేసి ఒక సూత్రం కట్టాడు. పశువైద్య విద్యార్థులకు 'హా యూనిట్' ఈనాటికీ తప్పని పాఠం. కానీ అది చెప్పేది నాణ్యత గురించే తప్ప, లోపల ఏది ఎంత ఉందో కాదు.

పగలగొట్టకుండా చూసే దారిని పక్షిశాస్త్రం తెరిచింది. మ్యూజియంలోని గుడ్డు పెట్టిన నాడు ఎంత తూగిందో తేల్చడానికి 1979లో హోయ్ట్ అనే పరిశోధకుడు చెప్పిన లెక్క ఇది: పొడవును వెడల్పు వర్గంతో గుణించి, దాన్ని 0.51తో గుణిస్తే ఘనపరిమాణం. 5.7 సెంటీమీటర్ల పొడవు, 4.3 వెడల్పు ఉన్న గుడ్డు సుమారు 54 ఘన సెంటీమీటర్లు; తాజాగా ఉంటే 58 గ్రాములకు అటూ ఇటూ తూగాలి. అది 55 గ్రాములే తూగితే, పెంకు రంధ్రాల గుండా నీరు ఆవిరైపోయినట్టే. పొడవు, వెడల్పు మాత్రం మారవు. చిత్తూరు మే నెల ఎండలో ఈ తేడా చిన్నది కాదు. నా ఉద్దేశంలో పొడవు, వెడల్పులను కచ్చితంగా కొలిచే వెర్నియర్ కాలిపర్ వల్ల ఒనగూడే అసలు ప్రయోజనం ఇదే.

గణాంకశాస్త్రం ఇంతకన్నా ఎక్కువే ఆశించింది. బరువు, పొడవు, వెడల్పు, ఆకార సూచిక (వెడల్పు, పొడవుల నిష్పత్తి) అన్నీ రిగ్రెషన్‌లో, అంటే తెలిసిన కొలతల నుంచి తెలియనిదాన్ని లెక్కగట్టే సమీకరణంలో వేసి, తెల్లసొన, పచ్చసొన, పెంకు మూడింటినీ అంచనా వేయాలనుకుంది. చిక్కు ఇక్కడే మొదలైంది. పొడవు, వెడల్పు తెలిస్తే బరువు దాదాపు తెలిసినట్టే. కాబట్టి ఆ కొలతలు ఒకే సంగతిని మళ్లీ మళ్లీ చెబుతాయి. అలాంటప్పుడు సమీకరణంలో ఒక్కో కొలతకు వచ్చే గుణకాల ప్లస్, మైనస్ గుర్తులు కూడా తలకిందులు కావచ్చు. 1970లో హోర్ల్, కెనార్డ్ ప్రతిపాదించిన, గుణకాలను కాస్త కుదించి నిలకడ తెచ్చే రిడ్జ్ రిగ్రెషన్ ఇలాంటి సందర్భాల కోసమే. రెండో చిక్కు మరింత మోసకారి. పచ్చసొనను, పెంకును తూచి, మొత్తంలోంచి తీసేసి తెల్లసొన బరువు రాయడం పరిపాటి. తూకంలో దొర్లిన పొరపాట్లన్నీ తెల్లసొన ఖాతాలోకే చేరతాయి. పైగా గుడ్డులో దాదాపు 60 శాతం అదే. అలాంటి తెల్లసొనకు మొత్తం బరువుతో గట్టి సంబంధం కనబడితే అందులో ఆశ్చర్యపోవాల్సింది ఏముంది? నిష్పత్తులను పోల్చితే లేని సంబంధం పుట్టుకొస్తుందని గణాంకవేత్త కార్ల్ పియర్సన్ 1897లోనే హెచ్చరించాడు. శాతాల పట్టికలు చూసి మురిసిపోయేవారు ఆ మాట పెద్దగా పట్టించుకోలేదు.

పచ్చసొన దగ్గర అంచనా ఎందుకు తడబడుతుందో కోడి శరీరమే చెబుతుంది. పచ్చసొన అండాశయంలో దాదాపు పది రోజుల పాటు వేగంగా పెరుగుతుంది. అది విడుదలైన తర్వాత మూడు గంటల్లో తెల్లసొన చుట్టుకుంటుంది, ఆపై ఇరవై గంటల దాకా పెంకు కడుతుంది. బయటి పొడవు, వెడల్పు ఖరారయ్యే సరికి పచ్చసొన పని ఎప్పుడో ముగిసి ఉంటుంది. అందుకే పెద్ద గుడ్డంటే ప్రధానంగా ఎక్కువ తెల్లసొన. పచ్చసొన ఆ స్థాయిలో పెరగదు.

వయసు ఈ లెక్కను ఇంకా మెలిపెడుతుంది. ఒకే బరువున్న రెండు గుడ్లలో, ముదిరిన లేయర్ కోడి పెట్టిన దానిలో సాధారణంగా పచ్చసొన వాటా ఎక్కువ. ముదురు మందపై కట్టిన సమీకరణాన్ని కొత్తగా గుడ్లకు వచ్చిన మందకు వాడితే పచ్చసొన అంచనా పెరిగిపోతుంది. జాతి మారినా అంతే. కొలతల పక్కన మంద వయసు, జాతి కూడా చేర్చితే అంచనా మెరుగవుతుంది. కానీ ఆ రెండు వివరాలూ ఫారం రిజిస్టర్‌లో ఉంటాయి. ట్రేతో పాటు మార్కెట్‌కు రావు.