ఇంకా చేయని పని గురించి రాయడం
(పిల్లలకు ఉత్తరం)

చిన్నారులందరికీ ఆశీస్సులు.

ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి ఈమధ్య నాకొక ప్రశ్న రాసి పంపింది. వాళ్ళక్క డైట్‌లో, అంటే బడి పంతుళ్ళను తయారుచేసే జిల్లా విద్యా శిక్షణ సంస్థలో, డి.ఎల్.ఎడ్. అనే ఉపాధ్యాయ శిక్షణ కోర్సు రెండో సంవత్సరం చదువుతోంది. ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళే బడిలో ఒక చిన్న పరిశోధన చేయాలి. అది మొదలుపెట్టకముందే ‘పరిశోధన ప్రతిపాదన’ రాసి లెక్చరర్ గారి చేత సంతకం పెట్టించుకోవాలి. “ఇంకా చేయని పని గురించి అక్క అన్ని పేజీలు ఎలా రాస్తుంది తాతయ్యా? తెలియనిది తెలిసినట్టు రాస్తే అది అబద్ధం కాదా?” అని ఆ పిల్ల సందేహం. పదునైన ప్రశ్న, పెద్దవాళ్ళు అడగడానికి మొహమాటపడే ప్రశ్న.

మా ఊళ్ళో ఒక దర్జీ ఉండేవాడు. గుడ్డ చేతికి రాగానే కత్తెర పట్టే మనిషి కాదు. ముందు మనల్ని నిటారుగా నిలబెట్టి భుజం, ఛాతీ, పొడుగు కొలిచి పుస్తకంలో రాసుకునేవాడు; ఆ తరువాత గుడ్డను బల్ల మీద పరిచి, ముడతలు సవరించి, సుద్దముక్కతో గీతలు గీసేవాడు. సంక్రాంతికి మా నాన్న ఒకే తాను గుడ్డ తెచ్చి అన్నదమ్ములందరికీ ఒకే రకం చొక్కాలు కుట్టించేవాడు కాబట్టి, మేము వరసగా నిలబడి కొలతలిచ్చి, ఆ గీతల్లో ఎవరి చొక్కా ఏదో పోల్చుకోవడానికి బల్ల చుట్టూ మూగేవాళ్ళం. అప్పటికి అక్కడ చొక్కా లేదు, గీతలే ఉన్నాయి. అయినా దర్జీ అబద్ధమాడుతున్నాడని మాలో ఎవరికీ అనిపించలేదు. మీ అక్క రాసే ప్రతిపాదన ఆ సుద్దగీతల వంటిది. గీత తప్పితే దులిపి మళ్ళీ గీయవచ్చు, కత్తెర పడ్డాక ఏమీ చేయలేము.

చాలామంది విద్యార్థులు మొదట రాసుకొచ్చే శీర్షిక ఇలా ఉంటుంది: ‘ప్రాథమిక పాఠశాల విద్యార్థుల గణిత సామర్థ్యాలు – ఒక పరిశీలన’. ఇది తాను గుడ్డంతా ఒక్క చొక్కాకు వాడేస్తానన్నట్టు ఉంటుంది. లెక్చరర్ గారు దానిని తిప్పి పంపితే బాధపడనక్కర్లేదు. కాగితాలు పక్కన పెట్టి, ఆ బడికి వెళ్ళి, మూడో తరగతి పిల్లల నోటుపుస్తకాలు ముందేసుకుని కూర్చోవాలి. 2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నిబంధనలు మార్చి, ఉపాధ్యాయ విద్యార్థులు బడిలో గడపవలసిన కాలాన్ని 20 వారాలు చేసింది. అంత సమయం చేతిలో ఉన్నవాళ్ళు ఇంట్లో కూర్చుని సమస్యను ఊహించుకోవలసిన అవసరం ఏముంది?

ఆ నోటుపుస్తకాలలో ఏం కనబడుతుందో చెబుతాను. ఒక పిల్లవాడు 42లో నుంచి 17 తీసివేసి 35 అని రాశాడనుకోండి. దాని కింద 61లో నుంచి 28 తీస్తే 47 అట, 53లో నుంచి 26 తీస్తే 33 అట. మూడింటి మీదా ఎర్ర సిరాతో ఇంటూలు పడ్డాయి. ఆ పక్క పేజీలో 58లో నుంచి 23 తీసి 35 అని సరిగ్గానే రాశాడు. వీడికి తీసివేత రాదనుకుందామంటే ఆ చివరి లెక్క ఎలా వచ్చింది? వస్తుందనుకుందామంటే ఆ మూడూ ఎందుకు తప్పాయి? కాసేపు చూస్తే తెలుస్తుంది: వాడు పైనున్నది ఏది, కిందున్నది ఏది అని చూడటం లేదు, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలో నుంచి చిన్న అంకెను తీసేస్తున్నాడు. 2లో నుంచి 7 పోదు కాబట్టి 7లో నుంచి 2 తీశాడు. వాడి తప్పులన్నీ ఒకే పద్ధతిలో, ఎంతో నియమంగా ఉన్నాయి.

తప్పుల్లోని ఈ నియమాన్ని గౌరవించిన మనిషి ఒకాయన ఉన్నాడు. 1920 ప్రాంతంలో జీన్ పియాజే అనే యువకుడు పారిస్‌లో పిల్లలకు తెలివి పరీక్షలు పెట్టే పనిలో ఉండగా, ఎన్ని సరైన జవాబులు వచ్చాయన్న లెక్క కంటే, ఒక వయసు పిల్లలు ఒకే తరహా తప్పులు ఎందుకు చేస్తున్నారన్న ప్రశ్నే ఆయనను పట్టుకుంది. మీ అక్క చదివే మనోవిజ్ఞాన శాస్త్రంలో ఆయన పేరు లేని పుస్తకం ఉండదు.

ఇప్పుడు అక్కకు గుడ్డకు తగ్గ ప్రశ్న దొరికింది: ‘ఒకట్ల స్థానంలో కింది అంకె పెద్దదైనప్పుడు మూడో తరగతి పిల్లలు తిరగేసి తీసివేస్తున్నారు, పుల్లలను పదేసి కట్టలుగా కట్టి, అవసరమైనప్పుడు ఒక కట్ట విప్పి చూపిస్తే ఆ అలవాటు తగ్గుతుందా?’ దీనినే సమస్య ప్రకటన అంటారు. తగ్గుతుందని తాను అనుకుంటే ఆ మాటను ముందుగానే రాసిపెట్టాలి, అది పరికల్పన. అబద్ధం కాదా అన్న నీ ప్రశ్నకు, తల్లీ, జవాబు ఇక్కడే ఉంది. ఫలితం చూశాక “నేను ముందే అనుకున్నాను” అనడం మనుషులందరికీ ఉన్న జబ్బు. ఏమనుకుంటున్నామో, ఏది జరిగితే మన ఊహ తప్పినట్టో ముందే కాగితం మీద పెట్టి సంతకం చేయించుకుంటే, తరువాత మాట మార్చడానికి వీలుండదు. ప్రతిపాదన అబద్ధం కాకపోగా, మన అబద్ధానికి మనమే ముందుగా వేసుకునే అడ్డు.

ఇక కొలతల సంగతి. కట్టలు చూపించడానికి ముందు ఒక పరీక్ష, చూపించాక ఒక పరీక్ష పెడతారు. ఆ ప్రశ్నపత్రంలో 58 – 23 వంటివి, 42 – 17 వంటివి రెండు రకాల లెక్కలూ ఉండాలి. మొదటి రకం ఒక్కటే ఇస్తే తరగతిలో సమస్యే లేనట్టు కనబడుతుంది. మళ్ళీ దర్జీ దగ్గరికి పోదాం. ఏడాది తిరిగేసరికి చొక్కా బిగుతైతే, ఉతుకుల్లో గుడ్డ కుంచించుకుపోయిందా, పిల్లవాడు ఎదిగాడా? చొక్కాను చూస్తే చెప్పలేము. అలాగే రెండో పరీక్షలో మార్కులు పెరిగితే అది పుల్లల మహిమా, లేక ఆ నెల రోజుల్లో పిల్లలు మామూలుగానే నేర్చుకున్నారా? తరగతిని రెండు జట్లు చేసి ఒక జట్టుకే చూపించవచ్చు గానీ, రెండో జట్టును అలా వదిలేయడం నాకు నచ్చదు. పని ముగిశాకైనా వాళ్ళకూ చూపించాలి. బడిలో పిల్లలే తక్కువైతే, మొదటి పరీక్షనే కొన్నాళ్ళ ఎడంతో రెండుసార్లు పెట్టి, కట్టలు లేకుండా మార్పు ఎంత వస్తుందో ముందు చూసుకోవచ్చు.

సంబంధిత సాహిత్య సమీక్ష అంటే, ఇదే సంగతి మీద ఇంతకుముందు ఎవరేమి చేశారో చదివి రాయడం. దర్జీకి మనం ఆది చొక్కా ఇస్తాము కదా, అటువంటిది. కొలత చూసుకోవడానికి ఇచ్చిన ఆ చొక్కానే ఇస్త్రీ చేసి కొత్తదని తిరిగి ఇస్తే మీరు ఒప్పుకుంటారా? సీనియర్ల రికార్డును ఊరి పేరు మార్చి దించేసేవాళ్ళు చేసేది అదే, ఆ మాట కాస్త కటువుగానే చెబుతున్నాను.

మిగిలినవి తొందరగా చెప్పేస్తాను. ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకోవాలి. పిల్లల పేర్లు ఎక్కడా రాయకుండా అంకెలతో గుర్తించాలి, ఎందుకంటే తప్పు చేసిన పిల్లవాడి పేరు రికార్డులో మిగిలిపోకూడదు. ఏ వారం ఏం చేస్తారో పట్టిక వేసుకుని, పండుగ సెలవులు, పరీక్షల రోజులు అందులో తీసేయాలి. ఒక్క బడిలో చూసినదానిని బట్టి జిల్లా అంతటి గురించి తీర్పు చెప్పబోనని ‘పరిమితులు’ అన్న చోట ఒప్పుకోవాలి. బడి పంతులు తన తరగతి సమస్యను తానే పరిశోధించవచ్చని అమెరికాలో స్టీఫెన్ కోరీ అనే విద్యావేత్త 1953లో పుస్తకం రాసి వాదించాడు. దానినే మనవాళ్ళు చర్యాత్మక పరిశోధన అంటున్నారు. అది చేయడానికి పెద్ద పట్టాలు అక్కర్లేదు, తన తరగతి మీద ఆసక్తి ఉంటే చాలు.

అయితే ఎవరూ నేర్పని ఆ తిరగేసే నియమాన్ని పిల్లవాడు తనంతట తానే ఎలా కల్పించుకుంటాడు? దానికి పండితులు చెప్పే కారణాలు కొన్ని చదివాను, అవి సగమే తృప్తినిచ్చాయి. ఎనిమిదేళ్ళ బుర్ర పంతులుకు తెలియకుండా సొంతంగా ఒక సూత్రం తయారుచేసుకుని, దానిని ఏ లెక్కలోనూ తప్పకుండా పాటించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కాబట్టి ఒక పని చేయండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో రెండో తరగతో, మూడో తరగతో చదివే పిల్లలుంటే, ఒక కాగితం మీద 42 – 17 రాసి ఇవ్వండి. జవాబు తప్పైనా నవ్వకండి, దిద్దకండి, “ఎలా చేశావో చెప్పు” అని మాత్రం అడగండి. వాళ్ళు చెప్పిన మాటలను ఒక్క ముక్క మార్చకుండా రాసి నాకు పంపండి. ప్రశ్న అడిగిన అమ్మాయి మాత్రం తన కాగితం ముందు వాళ్ళక్కకు చూపించాలి.

ఇట్లు,
మీ తాతయ్య